మానేసిన వారాలే గండం: ఒక హెరాయిన్ ఓవర్‌డోస్ కేసు

ఈ కేసు రాయడానికి ఆ యువకుడు, అతని అక్క ఇద్దరూ ఒప్పుకున్నారు. పేర్లు, ఊళ్ళు, కుటుంబ వివరాలు కొన్ని మార్చాను. హెరాయిన్ ఎక్కడి నుంచి, ఎవరి చేతుల మీదుగా వచ్చిందన్నది కావాలనే వదిలేశాను. అతన్ని ఇక్కడ శీను అంటాను. నేను నెల్లూరులో సైకియాట్రిస్టుని.

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో డీ-అడిక్షన్ అనగానే ముందు గుర్తొచ్చేది మద్యం, ఆ తర్వాత గంజాయి. 2021 సెప్టెంబరులో గుజరాత్‌లోని ముంద్రా పోర్టులో దాదాపు మూడు టన్నుల హెరాయిన్ పట్టుబడి, దిగుమతి చేసుకున్న కంపెనీ చిరునామా విజయవాడ అని పేపర్లలో వచ్చినప్పుడు ఆ మాట మన ఇళ్ళలోకీ వచ్చింది. అయినా ఊపిరి మందగించిన కుర్రాణ్ణి రాత్రి పూట క్యాజువాలిటీకి తెస్తే ఎవరికీ హెరాయిన్ తట్టదు. 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో ఓపియాయిడ్లు, అంటే నల్లమందు జాతి మత్తుమందులు, వాడేవారు సుమారు 2.1 శాతం. వాటిలో నల్లమందును, నొప్పి మాత్రలను దాటి హెరాయిన్‌దే పెద్ద వాటా. మన పిల్లలు పనుల కోసం దేశమంతా తిరుగుతున్నారు. అలవాటు కూడా వాళ్ళతోనే ఇంటికి వస్తోంది.

కాలు లేవడం లేదని వచ్చాడు

శీనుకి ముప్పై లోపు వయసు. ఎడమ పాదం పైకి లేవదు, నడుస్తుంటే చెప్పు నేలకి రాసుకుంటుంది. ఎముకల డాక్టరు గారు నరాల పరీక్ష చేయించారు. మోకాలి కింద బయటి వైపు నరం నొక్కుకుపోయిందని తేలింది. నిద్ర పట్టడం లేదంటున్నాడని నా దగ్గరికి పంపారు. చేతిలో కొన్ని వారాల కిందటి డిశ్చార్జి కాగితం ఉంది. అతిగా మద్యం, ఊపిరితిత్తుల్లో నెమ్ము, కిడ్నీలకు దెబ్బ అని రాసుంది. ఆ రోజుల్లో మూత్రం కాఫీ రంగులో వచ్చిందని వాళ్ళమ్మ చెప్పింది.

నన్ను ఆపింది ఆ కాగితమే. షుగరు లేని కుర్రాడికి ఒక కాలి నరం మాత్రమే చచ్చుబడింది. మూత్రం రంగు మారిందంటే కండరం నలిగి అందులోని పదార్థం కిడ్నీల్లోకి చేరింది. రెండూ కలిస్తే గంటల తరబడి ఒకే భంగిమలో, ఒకే కాలి మీద బరువు వేసి పడున్నాడని అర్థం. తాగి పడిపోయినవాడు మామూలుగా నిద్రలో పక్కకి దొర్లుతాడు, చెయ్యో కాలో కదుపుతాడు. ఇతను కదల్లేదు. మద్యంతో పాటు ఇంకేదో ఉండాలి.

వాళ్ళమ్మని బయట కూర్చోమని చెప్పి, "ఆ రోజు మందుతో పాటు ఇంకేం తీసుకున్నావు?" అని అడిగాను. "నీకేమైనా అలవాట్లున్నాయా?" అని అడిగితే లేవనే వస్తుంది జవాబు. శీను తలుపు వైపు చూశాడు. "కేసవుతుందా మేడం?" అన్నాడు. మత్తుమందుల కేసులకి వర్తించే ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ అనే సెక్షన్ ఉందని, వాడకం లేదా కొద్ది మొత్తం కేసుల్లో ఉన్నవాళ్ళు తమంతట తాము ప్రభుత్వ లేదా గుర్తింపు ఉన్న చోట చికిత్సకి వస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుందని చెప్పాను. అప్పుడు చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

వెనక కథ

నాన్న పొగాకు రైతు. శీను ఐటీఐ మధ్యలో వదిలేసి చీమకుర్తి క్వారీల్లో పొక్లెయిన్ మీద హెల్పర్‌గా చేరి, ఆపరేటర్ అయ్యాడు. తర్వాత ఒక కాంట్రాక్టరుతో రోడ్డు పనులకు పంజాబ్ పోయాడు. అక్కడ హెరాయిన్‌ని చిట్టా అంటారు. నైట్ షిఫ్టుల్లో తోటివాళ్ళతో రేకు మీద వేడి చేసి పొగ పీల్చడంతో మొదలైంది. ఏడాది తిరిగేసరికి సూది.

అంతకుముందు ఎప్పుడైనా స్పృహ తప్పాడా అని ప్రతి సంఘటననూ విడిగా అడిగాను. ఇలాంటి కేసుల్లో ఈ ప్రశ్నకి నేను ఎక్కువ సమయం ఇస్తాను. ఒకసారి ఓవర్‌డోస్ అయి బతికిన వాళ్ళకి మళ్ళీ అయ్యే ప్రమాదం ఎక్కువ. పైగా ఆ పాత సంఘటనల్లోనే రాబోయేదాని గుర్తులుంటాయి. శీను రెండు చెప్పాడు. మొదటిది సంక్రాంతికి ఊరొచ్చి నెలకు పైగా ఉండి, తిరిగి సైటుకి వెళ్ళిన రాత్రి. రెండోది కామెర్లతో ఆస్పత్రిలో ఉండి బయటికొచ్చిన వారం. అదే సైటులో తోటి ఆపరేటర్ ఒకడు చనిపోయాడని కూడా చెప్పాడు. అతను అప్పుడే జైలు నుంచి వచ్చాడట.

మూడింటిలోనూ ముందు కొన్నాళ్ళ ఖాళీ ఉంది. శీనుకి అది అప్పటిదాకా తట్టలేదు. సరుకులో ఏదో కల్తీ కలిసిందనే అనుకుంటూ వచ్చాడు.

ఆ రాత్రి ఏం జరిగింది

ఊరికి తిరిగొచ్చాక ఇంట్లో విషయం బయటపడింది. మందు మాన్పించే ఒక ప్రైవేటు కేంద్రంలో చేర్చారు. మూడు నెలలు తాళాల మధ్య పెట్టారు. అక్కడ హెరాయిన్‌కి సంబంధించిన మందులేవీ ఇవ్వలేదు. ఒళ్ళు నొప్పులు, వాంతులు, విరేచనాలు అన్నీ అలాగే భరించాడు. కోర్సు పూర్తయిందని శాలువా కప్పి పంపారు. అమ్మ గుడిలో మొక్కు తీర్చుకుంది.

బయటికొచ్చిన వారంలోపే, తీరం వైపు రొయ్యల చెరువుల దగ్గర ఒక కాపలా గదిలో స్నేహితుడితో కూర్చున్నాడు. ముందు మద్యం తాగారు. నిద్రకి వాడే అల్ప్రజోలం మాత్రలు కొన్ని అప్పటికే మింగి ఉన్నాడు. తర్వాత సూది. "పాత డోసులో సగమే మేడం. జాగ్రత్త పడ్డాను" అన్నాడు, నాకు లెక్క అప్పజెబుతున్నట్టు.

కాసేపటికి పెద్దగా గురక మొదలైంది. స్నేహితుడు బాగా నిద్రపట్టిందనుకుని బండేసుకుని వెళ్ళిపోయాడు. తెల్లారి మేత వేయడానికి వచ్చిన మనిషి చూసేసరికి పెదాలు నల్లబడి, కాలు శరీరం కింద ఇరుక్కుని ఉంది. 108లో ఆస్పత్రికి చేర్చారు. స్నేహితుణ్ణి అడిగితే భయంతో "మందెక్కువైంది" అని మాత్రమే చెప్పాడు. వైద్యం కూడా దాని ప్రకారమే జరిగింది. యవ్వనం, కొంత అదృష్టం కలిసి బతికించాయి.

సగం డోసు ఎలా ముంచింది

హెరాయిన్ మెదడులో మార్ఫిన్‌గా మారి, ఊపిరి నడిపించే కేంద్రాన్ని మందగింపజేస్తుంది. రోజూ వాడేవాడి శరీరం దానికి కొంత అలవాటు పడుతుంది. ఆ తట్టుకునే శక్తినే టాలరెన్స్ అంటాం. క్వారీలో పని మానేసి ఆర్నెల్లు ఇంట్లో ఉన్నవాడి అరచేతిలో కాయలు మెత్తబడిపోయినట్టు, వాడకం ఆగితే ఇదీ కరిగిపోతుంది. రోజుల్లోనే తగ్గడం మొదలవుతుంది. మూడు నెలల తర్వాత శీను శరీరం దాదాపు కొత్తవాడి శరీరం. కొత్తవాడికి అతని పాత డోసులో సగం కూడా ఎక్కువే.

దీనికి లెక్కలున్నాయి. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రపు జైళ్ళ నుంచి విడుదలైనవారిని పరిశీలించి 2007లో ప్రచురించారు. విడుదలైన మొదటి రెండు వారాల్లో డ్రగ్ ఓవర్‌డోస్‌తో చనిపోయే ప్రమాదం సాధారణ ప్రజలతో పోలిస్తే 129 రెట్లని తేలింది. లండన్‌లో ఆస్పత్రిలో చేరి మాన్పించుకున్నవారిపై 2003లో వచ్చిన పరిశీలనలో ఓవర్‌డోస్ మరణాలు చికిత్సను పూర్తిచేసినవారిలోనే కనిపించాయి, మధ్యలో వెళ్ళిపోయినవారిలో కాదు. ఇది చదివి చికిత్స వద్దనుకోకూడదు. మాన్పించి ఊరికే పంపేయడం వద్దని నా వాదన.

కొత్త చోటు కూడా ఒక కారణమే. 1982లో షెపర్డ్ సీగెల్ బృందం ఎలుకలకి ఒక గదిలో హెరాయిన్ అలవాటు చేసి, తర్వాత పెద్ద డోసు ఇచ్చింది. అలవాటైన గదిలో ఇచ్చినప్పుడు దాదాపు 32 శాతం చనిపోయాయి. వేరే గదిలో అదే డోసు ఇస్తే 64 శాతం చనిపోయాయి. అలవాటైన పరిసరాల్లో శరీరం ముందే సర్దుకుని సిద్ధపడుతుంది, కొత్త చోట ఆ సిద్ధపాటు ఉండదని వాళ్ళ వివరణ. శీనుకి ఆ చెరువు గది పూర్తిగా కొత్త.

ఇక మద్యం, అల్ప్రజోలం. మూడూ ఊపిరినే నొక్కుతాయి. అందుకే హెరాయిన్ ఎక్కువ లేకపోయినా ప్రాణం పోవచ్చు. హెరాయిన్ మరణాల్లో చాలాసార్లు రక్తంలో దొరికే మార్ఫిన్ మోతాదు భయంకరంగా ఏమీ ఉండదు. పక్కన మద్యమో నిద్రమాత్రలో ఉంటాయి. చివరగా, ఒంటరితనం. సూది పడగానే ప్రాణం పోవడం అరుదు. చాలాసార్లు గంట నుంచి మూడు గంటల వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలో అది నిద్ర కాదని గుర్తుపట్టే మనిషి పక్కన ఉన్నాడా లేడా అన్నదే తేలుస్తుంది.

మొదటి ప్రయత్నం

నా ముందు రెండు దారులున్నాయి. నాల్ట్రెక్సోన్ అనే మాత్ర ఓపియాయిడ్ల పనిని పూర్తిగా అడ్డుకుంటుంది. బ్యుప్రెనార్ఫిన్ అనేది తానే ఒక ఓపియాయిడ్, కాకపోతే పాక్షికంగానే పనిచేస్తుంది, నాలుక కింద పెట్టుకునే మాత్ర. కుటుంబం మొదటిదే కావాలంది. "ఒక మత్తు మాన్పించడానికి ఇంకో మత్తా?" అని నాన్న గట్టిగా అడిగారు. శీను కూడా నాల్ట్రెక్సోన్‌కే మొగ్గాడు. ఒంట్లో ఓపియాయిడ్ లేదు, కాలేయం పరీక్షలు బాగున్నాయి, వాళ్ళమ్మ రోజూ కళ్ళముందు మింగిస్తానంది. ఆ షరతు మీద నాల్ట్రెక్సోన్ మొదలుపెట్టాం. దాన్ని ఆపితే టాలరెన్స్ ఏమాత్రం లేని శరీరంతో మిగులుతాడని, ఆపిన రోజు నాకు ఫోను రావాలని అందరికీ చెప్పాను.

అదే కూటంలో అమ్మ, అక్క, బావ ముగ్గురికీ ఓవర్‌డోస్ గుర్తులు నేర్పాను. పిలిచినా, ఛాతీ ఎముక మీద వేలి కణుపులతో గట్టిగా రుద్దినా లేవకపోవడం. ఊపిరికీ ఊపిరికీ మధ్య చాలా ఎడం రావడం. గొంతులో నీళ్ళున్నట్టు గురక. పెదాలు, గోళ్ళు బూడిద రంగుకో నీలానికో తిరగడం. కంటిపాప గుండుసూది మొనంత అవడం. వాళ్ళమ్మకి ఇది అపశకునంగా అనిపించింది. "బాగుపడుతుంటే ఈ మాటలెందుకమ్మా" అంది. బాగుపడుతున్నప్పుడే ఈ మాటలు అవసరమని చెప్పి, పూర్తయ్యేదాకా కూర్చోబెట్టాను.

ఇంకో పని కూడా చేశాను. కాలి మంటకి వేరేచోట ప్రీగాబాలిన్ అనే నరాల నొప్పి మందు రాసిచ్చారు. ఓపియాయిడ్‌తో కలిస్తే అది కూడా ఊపిరిని తగ్గిస్తుంది. ఆ డాక్టరు గారితో ఫోనులో మాట్లాడి డ్యులోక్సెటిన్ అనే వేరే మందుకి మార్పించాం. అల్ప్రజోలం ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు కాబట్టి మెల్లగా తగ్గించే పట్టిక వేసి, మాత్రలు అక్క దగ్గర పెట్టించాను.

ఎక్కడ తెగింది

కొన్ని వారాలు బాగానే సాగింది. తర్వాత బంధువుల ఇంట్లో మరణం. పెద్దకర్మ అయ్యేదాకా వాళ్ళమ్మ కనిగిరి వైపు ఉండిపోయింది. మాత్ర శీను చేతిలో పడింది, ఆగింది. నాకు ఫోను రాలేదు. పర్యవేక్షించే మనిషి ఒక్కరే ఉంటే నాల్ట్రెక్సోన్ ఆ మనిషి మీదే నిలబడుతుంది. మన ఇళ్ళలో ఆ ఒక్కరూ అమ్మే అవుతుంది. అమ్మకి ఏ చావుకో పురుడుకో పోక తప్పదు.

ఒక సాయంత్రం అక్క పుట్టింటికి వచ్చింది. బాత్‌రూమ్ గడియ వేసి ఉంది, కుళాయి పోతూనే ఉంది, పిలిస్తే పలుకు లేదు. బావ తలుపు పగలగొట్టాడు. నేర్చుకున్న గుర్తులన్నీ కళ్ళముందున్నాయి. పక్కింటివాళ్ళు మజ్జిగ పట్టమన్నారు, నిమ్మరసం పిండమన్నారు. స్పృహ లేనివాడి నోట్లో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకే పోతుందని అక్కకి గుర్తుంది. ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. 108కి ఫోన్ చేసి "తాగి పడిపోయాడు" అనలేదు. "హెరాయిన్ సూది వేసుకున్నాడు, ఊపిరి ఆగుతోంది" అని చెప్పింది. బండి వచ్చేదాకా బావ తల వెనక్కి వంచి, ముక్కు మూసి, ఐదు సెకన్లకొకసారి నోటితో ఊపిరి ఊదాడు.

ఆస్పత్రిలో ఓపియాయిడ్ పనికి విరుగుడైన నాలోక్సోన్ ఇంజెక్షన్ ఇవ్వగానే లేచి కూర్చున్నాడు. ఒళ్ళంతా విత్‌డ్రాయల్ (మత్తు ఒక్కసారిగా తెగినప్పటి బాధ), కోపం. ఇంటికి పోదామని సెలైన్ పీకబోయాడు. మనిషి లేచాడు కదా, తీసుకుపోదామని బంధువులు కూడా అన్నారు. అక్క నాకు ఫోన్ చేసింది. నాలోక్సోన్ పని అరగంట నుంచి గంటన్నరే ఉంటుంది. ఒంట్లో ఉన్న ఓపియాయిడ్ అంతకంటే ఎక్కువసేపు ఉండొచ్చు. పంపొద్దని డ్యూటీ డాక్టర్‌ని అడిగాను. గంటలోపే శీను మళ్ళీ మత్తులోకి జారాడు. రెండో డోసు, ఆ తర్వాత డ్రిప్‌లో నాలోక్సోన్ ఇచ్చారు. దారిలో ఉండుంటే ఈ కేసు నేను వేరేలా రాయాల్సొచ్చేది.

ఎంఎల్‌సీ (పోలీసులకు తెలపాల్సిన మెడికో-లీగల్ కేసు) నమోదైంది, పోలీసులు వచ్చి స్టేట్‌మెంట్ తీసుకున్నారు. చికిత్సలో ఉన్నట్టు కాగితాలు ఇచ్చాను. అంతకుమించి ముందుకు పోలేదు. పోలీసుల భయంతో ఆస్పత్రికి తేకపోవడం ఎంతమంది ప్రాణం తీస్తుందో ఈ పనిలో ఉన్నవాళ్ళకి తెలుసు.

పనిచేసినవి

ఈసారి బ్యుప్రెనార్ఫిన్. నాన్న అడిగిన ప్రశ్నకి ఇప్పుడు నేరుగా జవాబిచ్చాను. ఇది సరిగా వాడితే తేలిపోయే మత్తు ఉండదు, కోరిక తగ్గుతుంది. డోసు పెరిగినా ఊపిరిని కొంతవరకే తగ్గించి ఆగుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, శరీరంలో టాలరెన్స్ నిలిచి ఉంటుంది, కాబట్టి ఏ రోజైనా తప్పు జరిగినా అదే చివరి రోజు కాకుండా ఉండే అవకాశం ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005 నుంచి దీన్ని అత్యావశ్యక మందుల జాబితాలో ఉంచింది. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. "బతికుంటే చాలు" అన్నారు చివరికి.

ఈ మాత్ర మామూలు మందుల షాపులో కొనేది కాదు, అనుమతి ఉన్న కేంద్రం నుంచే ఇస్తారు. మొదట్లో శీను రోజూ కేంద్రానికి వచ్చి అక్కడే నాలుక కింద కరిగించుకున్నాడు. నిలకడ వచ్చాక వారానికి సరిపడా ఇంటికిచ్చాం. తాళం బావ దగ్గర. మద్యం ఆపకపోతే ఈ మందు కూడా ప్రమాదమేనని చెప్పి, ఆ సంగతి మీద చాలా రోజులు మాట్లాడుకున్నాం. అతనికి హెరాయిన్ కంటే మద్యం వదలడమే కష్టమైంది, ఎందుకంటే ఊళ్ళో పెళ్ళయినా జాతరైనా ఆ గ్లాసు ముందుంటుంది.

నాలోక్సోన్ ఆంపూల్స్, సిరంజిలు రాసిచ్చాను. వాళ్ళింట్లో నాయనమ్మకి ఇన్సులిన్ వేసే అలవాటు అక్కకి ఉంది, కాబట్టి తొడ కండరంలోకి సూది వేయడం నేర్పడం తేలికైంది. ముందు 108, తర్వాత ఊపిరి ఊదడం, తర్వాత సూది, తిరిగి ఊపిరి మొదలయ్యాక పక్కకి తిప్పి పడుకోబెట్టడం, లేచినా ఆస్పత్రికి తీసుకుపోవడం. తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి బీరువా తలుపు లోపల అంటించారు.

అన్నిటికంటే కష్టమైన మాట శీనుతో, అందరి ముందూ మాట్లాడాను. "మళ్ళీ వాడకూడదన్నదే మన ప్రయత్నం. అయినా వాడాలనిపిస్తే ఒంటరిగా వద్దు, గడియ వేసుకోవద్దు, మందు తాగి వద్దు, ముందు బావకి ఫోన్ చెయ్." వాళ్ళమ్మకి ఇది అనుమతి ఇచ్చినట్టు వినిపించింది. ఆమె కోపం నాకు అర్థమైంది. కానీ రహస్యంగా గడియ వేసుకున్న తలుపు వెనకే ఈ కుటుంబం అతన్ని పోగొట్టుకోబోయింది.

నెలల తర్వాత ఒకసారి జారాడు. పని పోయిన రోజది. బావకి ఫోన్ చేసి ఏడ్చాడు. బావ వచ్చేసరికి వాడేశాడు, కానీ తలుపు తీసి ఉంది, మద్యం లేదు, ఒంట్లో బ్యుప్రెనార్ఫిన్ ఉంది. ఆ రాత్రంతా బావ పక్కనే కూర్చుని ఊపిరి చూశాడు. మర్నాడు ఇద్దరూ కలిసి నా దగ్గరికొచ్చారు. డోసు కొంచెం పెంచాను. పెద్ద ఉపన్యాసమేదీ ఇవ్వలేదు.

తోటి డాక్టర్లకి

మన జిల్లాల్లో కంటిపాపలు గుండుసూదంత ఉంటే ముందు పురుగుల మందే గుర్తొస్తుంది, రావాలి కూడా. కానీ పురుగుల మందైతే నోట్లోంచి లాలాజలం, చెమట, విరేచనం, ఛాతీలో గరగర, వాసన ఉంటాయి. ఓపియాయిడ్ మనిషి పొడిగా, నిశ్శబ్దంగా ఉంటాడు, ఊపిరి మాత్రం తగ్గుతుంది. మద్యం వాసన వచ్చినంత మాత్రాన వెతకడం ఆపకూడదు. చేతులు, కాళ్ళు, గజ్జలు చూడాలి. అనుమానం ఉంటే నాలోక్సోన్ ఇచ్చి చూడటంలో పోయేదేం లేదు. దాంతో లేచినవాణ్ణి వెంటనే పంపకూడదు. హెరాయిన్ లేని ఊళ్ళలో కూడా ట్రమడాల్, పెంటజోసిన్ లాంటి ఓపియాయిడ్ నొప్పి మందుల వాడకం ఉంది, అక్కడా ఇదే లెక్క.

డీ-అడిక్షన్ కేంద్రాలు నడిపేవారికి నా మనవి ఒకటే. ఓపియాయిడ్ మనిషిని పంపే రోజు, ఇకపై పాత డోసు ప్రాణం తీస్తుందని అతనికీ ఇంటివాళ్ళకీ స్పష్టంగా చెప్పండి, కాగితం మీద రాసివ్వండి. ఆ తర్వాతి నాలుగు వారాలకి ఎవరు ఎప్పుడు చూస్తారో తేదీలతో సహా పెట్టండి. వీలైతే బ్యుప్రెనార్ఫిన్ లాంటి చికిత్స మొదలుపెట్టాకే పంపండి. ఎక్కడికి పోవాలో తెలియని కుటుంబాలకి 14446 అనే జాతీయ హెల్ప్‌లైన్ ఉంది.

శీను ఇప్పుడు పాదానికి పట్టీ వేసుకుని దగ్గర్లోనే పని చేస్తున్నాడు. సంబంధాలు వస్తున్నాయి. మాత్ర ఎప్పుడు ఆపేస్తామని వాళ్ళమ్మ ప్రతిసారీ అడుగుతుంది. పెళ్ళి కోసం తొందరపడి ఆపొద్దని చెప్పాను. ఆపడమంటే టాలరెన్స్ మళ్ళీ కరిగిపోయే ఇంకో ఖాళీ. ఏనాడైనా ఆపాలనుకుంటే నెలల తరబడి మెల్లగా తగ్గించాలి, ఆ తర్వాత కూడా నాలోక్సోన్ ఇంట్లో ఉండాలి, బావ ఫోను దగ్గరుండాలి. అమ్మాయి ఇంటివాళ్ళకి ఏం చెప్పాలన్నది శీను నిర్ణయం. దాని గురించి వచ్చే నెల కూర్చుని మాట్లాడదామనుకున్నాం.